వెలుతురు కాలువకు శివారు ఊరు

నీళ్ళను పారతో మళ్ళించినవాళ్ళు కృష్ణా జిల్లాలో ఇంటికొకరు ఉంటారు, అదేమంత గొప్ప సంగతి కాదు. వెలుతురును చేత్తో మళ్ళించినవాడు మాత్రం ఈ భూమ్మీద ఒక్కడే పుట్టాడు. ఆ ఒక్కడూ మన దివిసీమలోనే పుట్టాడు, నాగాయలంక అవతల చినమడలంకలో. పేరు డేవిడ్ రాజు. గుడివాడ దగ్గర ఆగిపోయిన ఇంటర్నెట్టును మెడపట్టి సముద్రం ఒడ్డుదాకా నడిపించుకొచ్చిన ఘనుడు. నమ్మనివాళ్ళు వెళ్ళి పులిగడ్డ వారధిని అడగండి.

డేవిడ్ రాజు కాలువల శాఖలో లస్కరుగా చేసి రిటైరయ్యాడు. లస్కరంటే లాకుల దగ్గర తలుపులు ఎత్తేవాడు, దించేవాడు, గట్టు మీద తిరిగి ఎక్కడ గండి పడేలా ఉందో చూసేవాడు. ఆ ఉద్యోగంలో ఆయనకు అబ్బిన వేదాంతం ఒకటే. కాలువకు ఒక తల, ఒక తోక ఉంటాయి. తలకాడ ఉన్నవాడు నీళ్ళు పెట్టుకుంటాడు, తోకకాడ ఉన్నవాడు అర్జీలు పెట్టుకుంటాడు. చినమడలంక తోక కూడా కాదు, తోక చివర వెంట్రుక. ఆ ఊరి చేలకు నీరు చేరేసరికి పై ఊళ్ళలో కోతలు అయిపోయి కొత్త బియ్యం వండుకునేవాళ్ళని ఆయన చెబుతుంటాడు. అందులో సగం నిజం.

ఆయన చెల్లెలు జ్ఞానమ్మకు శాంతి ఒక్కతే కూతురు. జీవశాస్త్రంలో పెద్ద చదువు చదివింది. ఊరి చివర మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ షెడ్డును ఒక కాలేజీ వాళ్ళు తీసుకుని మండపీతల పరిశోధన కేంద్రం పెట్టారు, దానికి శాంతిని అధికారిని చేశారు. పీతపిల్లలు ఒకదాన్నొకటి పీక్కు తినకుండా ఒకే తొట్టిలో పెరిగేలా చేయడం ఎలా అన్నది ఆ అమ్మాయి పరిశోధన. ఆ కిటుకేదో దొరికితే పీతల సంగతి తర్వాత, ముందు మన పంచాయతీ వాళ్ళకు పనికొస్తుందని డేవిడ్ రాజు ఊరంతా చెప్పుకు తిరిగాడు.

ఆ కేంద్రానికి ఇంటర్నెట్టు గాజుతీగ వచ్చింది. ఊళ్ళో డిష్షు వాళ్ళు ఇచ్చే కనెక్షన్ లాంటిది కాదది. విశ్వవిద్యాలయాలనూ, కాలేజీలనూ, పరిశోధన కేంద్రాలనూ మాత్రమే కలుపుతూ ప్రత్యేకంగా వేసిన లైను. అటు పెదపారుపూడి మీదుగా గుడివాడ, అక్కణ్ణుంచి బందరు, చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ వారధి దాటి అవనిగడ్డ, చివరికి చినమడలంక. మధ్యలో ఏ ఇంటివాడూ, ఏ కొట్టువాడూ దానికి కొక్కెం తగిలించే వీల్లేదు. చదువు తప్ప మరొకటి అందులో పారదు.

మేనమామకు అర్థమయ్యేలా చెప్పాలని శాంతి ఒక పొరపాటు చేసింది. కాలువ లాంటిదే మావయ్యా, నీళ్ళ బదులు వెలుతురు వెళ్తుంది, అంతే, అంది. ఆ ఒక్క మాటకు ఆ పిల్ల తర్వాత పడ్డ అవస్థ పగవాళ్ళకు కూడా వద్దు.

"అయితే దొంగతూములు ఎన్నున్నాయి?" అని అడిగాడు డేవిడ్ రాజు.

ఒక్కటి కూడా ఉండదని, ఇది మన కోసమే వేసిన లైనని శాంతి చెప్పింది. ఆయన జాలిగా చూశాడు. దొంగతూము లేని కాలువ ఆయన సర్వీసులో కనిపించలేదు. పై అధికారి తోటకే ఒకటి ఉండేది.

లైను వచ్చిన కొత్తలో బాగానే ఉంది. తర్వాత ఏమైందో, బందరు కాలేజీ పిల్లలకు శాంతి పాఠం మొదలుపెట్టగానే బొమ్మ బిగుసుకుపోవడం మొదలైంది. నోరు తెరిచి ఏదో చెప్పబోయిన శాంతి అలాగే నోరు తెరుచుకుని బందరు గోడ మీద ఉండిపోయేది. మాట వచ్చినప్పుడు బొమ్మ రాదు, బొమ్మ వచ్చినప్పుడు మాట రాదు. రెండూ కలిసి వచ్చిన రోజున కరెంటు పోయేది.

ఇదంతా నవ్వుకునే సంగతే, ఆ శుక్రవారం కమిటీ లేకపోతే. సీతారామయ్యగారని ఒక రిటైరైన ప్రొఫెసరు, ఆయన వెంట మరికొందరు బందరు కాలేజీలో కూర్చుంటారట. చినమడలంక నుంచి పాఠం అక్కడికీ, గుడివాడ కాలేజీకీ ఒకేసారి తెరిపి లేకుండా అందాలి. అందితే కేంద్రం ఇక్కడే ఉంటుంది. అందకపోతే బందరుకు మార్చేస్తారు. బందరుకు మారడానికి శాంతికి అభ్యంతరం లేదు, పొద్దున్నే బస్సెక్కితే సరి. బస్సెక్కలేనివి పీతలు. అవి ఏటిమొగ దగ్గర ఉప్పూ చప్పా కలిసిన నీళ్ళలో పుట్టి, తరం మీద తరం ఆ తొట్లలో పెరిగినవి. ఆ నీళ్ళు బందరు నడిబొడ్డున ఎక్కడ దొరుకుతాయి? మారితే వాటిని ఏట్లో వదిలేసి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. శాంతి తొట్టి పక్కన కూర్చుని అన్నం తినడం మొదలుపెట్టింది. జ్ఞానమ్మ అది చూసి అన్నగారి దగ్గర కళ్ళొత్తుకుంది. నా కూతురు పీతలకు మేత వేసి, తను మాత్రం రెండు ముద్దలతో లేస్తోందని.

లైను చూసుకునే ఆఫీసు విజయవాడలో ఉంది. శాంతి ఫోన్ చేసినప్పుడల్లా ముబీనా అనే అమ్మాయి పలికేది. మర్యాదగల పిల్ల. అడిగిన ప్రతిసారీ తన స్క్రీన్ చూసి ఒకటే మాట చెప్పేది, మీ లైను పచ్చగా ఉందండీ, తేడా ఏమీ కనబడటం లేదండీ అని. ఒకసారి ఆ ఫోన్ డేవిడ్ రాజు అందుకున్నాడు.

"పచ్చగా ఉండకేమమ్మా. పై ఊళ్ళ చేలు ఎప్పుడూ పచ్చగానే ఉంటాయి. ఒకసారి శివారుకొచ్చి చూడు తల్లీ."

ముబీనా ఆ మాట ఎక్కడ రాసుకోవాలో తెలియక, మీ ఫిర్యాదు నమోదు చేశామండీ అంది.

డేవిడ్ రాజుకు విషయం తేలిపోయింది. తోకలో తగ్గిందంటే తలలో ఎవరో మళ్ళించినట్టే. ఈ లైనుకు మన కన్నా పైన ఉన్న పెద్ద ఊరు గుడివాడ. బందరు మీద ఆయనకు అనుమానం లేదు, బందరు వాళ్ళే బొమ్మ రాలేదని ఏడుస్తున్నారు కాబట్టి. బుధవారం పొద్దున్నే ఖాకీ చొక్కా వేసుకుని, గొడుగు పుచ్చుకుని, ఎక్కడికి మావయ్యా అని శాంతి అడిగితే పళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పి గుడివాడ బస్సెక్కాడు. ఆయన నోట్లో అప్పటికి డాక్టరుకు చూపించదగ్గ పళ్ళు మూడో నాలుగో ఉన్నాయి.

గుడివాడ కాలేజీలో కంప్యూటర్ల గది బాధ్యత ఝాన్సీలక్ష్మిగారిది. ఖాకీ చొక్కా చూసి ఎవరో శాఖ తరఫున వచ్చారనుకుని ఆవిడ కుర్చీ వేయించి కాఫీ తెప్పించింది. డేవిడ్ రాజు కాఫీ తాగుతూనే గదంతా కలయజూశాడు. చూసినకొద్దీ కడుపు మండింది. వరసగా కంప్యూటర్లు, అన్నీ వెలుగుతున్నాయి, ఒక్కదాని ముందూ మనిషి లేడు. పిల్లలు భోజనానికి వెళ్ళారట. చేలో మనిషి లేకుండా బోదె తెరిచిపెట్టి పోయినట్టుంది ఆయనకు.

ఏ శాఖ నుంచి వచ్చారండీ అని ఆవిడ మెల్లగా అడిగింది.

"శివారు నుంచండీ," అన్నాడు డేవిడ్ రాజు. "మీరు మా పై వాళ్ళు. తాగినన్ని తాగండి, కాదనను. తాగేవాడు లేనప్పుడు మూత పెట్టుకుంటే కింద మా పిల్లకు నాలుగు చుక్కలు దిగుతాయి."

ఝాన్సీలక్ష్మిగారికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది, కానీ పెద్దాయన ముందు నవ్వడం బాగుండదని పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక్కడ ఆపితే అక్కడ పెరగదండీ, ఎవరి వాటా వాళ్ళకు వస్తుందని చెప్పి చూసింది. తలకాడివాడు ఎప్పుడూ ఆ మాటే చెబుతాడని ఆయన అన్నాడు. ఎందుకొచ్చిన గొడవని ఆవిడ లేచి, ఆయన చూస్తుండగానే కంప్యూటర్లన్నీ ఒక్కొక్కటే ఆపింది. డేవిడ్ రాజు దండం పెట్టి, మీ బిడ్డలు చల్లగా ఉండాలని దీవించి బయటపడ్డాడు.

బస్టాండులో నిలబడి శాంతికి ఫోన్ చేసి, ఇప్పుడెలా ఉందే అన్నాడు. ఇంకా అలాగే ఉంది మావయ్యా, పన్ను పీకించావా అంది శాంతి.

అంటే దొంగతూము గుడివాడలో లేదు, ఇంకా కిందెక్కడో ఉంది. ఆయన మోపిదేవిలో బస్సు దిగి, లైను వెంబడి పాతిన గుర్తు రాళ్ళు చూసుకుంటూ, సర్వీసులో గట్టు తిరిగినట్టే గొడుగు ఊపుకుంటూ నడక మొదలుపెట్టాడు. పులిగడ్డ వారధి ఇంకా రాకముందే ఒక కల్వర్టు పక్కన సిమెంటు మూత కనిపించింది. మూత కొంచెం ఓరగా ఉంది. గొడుగు కర్ర సందులో పెట్టి ఎత్తి, లోపలికి తొంగిచూశాడు.

లోపల నల్లటి తీగ చుట్ట చుట్టి ఉంది. ఒక చుట్టు కాదు, రెండు కాదు, కొండచిలువ పడుకున్నట్టు చుట్టలు చుట్టలుగా ఉంది.

తెలిసినవాళ్ళకు అదేమీ వింత కాదు. ఎప్పుడైనా లైను తెగితే అతకడానికి కాస్త మిగులు ఉండాలని దారి పొడుగునా అక్కడక్కడా అలా చుట్టి పెడతారు. డేవిడ్ రాజు కళ్ళకు మాత్రం అది వేరేలా కనబడింది. మనకు రావలసిన తీగ! ఎవడో సగం ఇక్కడ దాచి మిగతా సగం మనకు విడిచాడు. దాచడం మాట అటుంచినా, ఇన్ని వంపులు తిరిగితే ఏ కాలువ పారుతుంది? వంపు దగ్గర పూడిక పడుతుంది, గుర్రపుడెక్క పట్టుకుంటుంది. కాలువ తిన్నగా ఉండాలి. ఆయన తువ్వాలు తలకు చుట్టి, గుంటలో ఒక కాలు పెట్టి, తీగను రెండు చేతులా పట్టుకుని, చేపల వల లాగినట్టు శివారు వైపుకు లాగాడు. ఒక చుట్ట సాగింది. రెండోది సాగింది. మూడోది రానంది. దేవుడా నీదే భారమని బలమంతా పెట్టాడు.

గుంటలో తీగలు అతికిన నల్ల డబ్బా లోపల టక్కుమంది. తీగ కొస ఆయన చేతిలోకి వచ్చేసింది.

మొదట్లో నేనేదో అన్నాను కదా, వెలుతురును చేత్తో మళ్ళించాడని. ఆ మాట ఇంతటితో రద్దు చేసుకుందాం. మళ్ళించలేదు, తెంపాడు. వారధిని అడగమన్నాను గానీ, అడిగినా అది నా పరువు తీయడానికే చెబుతుంది.

ఆయన ఆ కొసను పాపాయిని పడుకోబెట్టినట్టు గుంటలో పడుకోబెట్టి, మూత పెట్టి, అటూ ఇటూ చూసి, వచ్చిన బస్సు ఎక్కేశాడు. ఊళ్ళోకి అడుగుపెట్టేసరికి శాంతి షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. ఇందాకటిదాకా బొమ్మ బిగుసుకునేది మావయ్యా, ఇప్పుడసలు పూర్తిగా పోయింది, ఎల్లుండే కమిటీ, అంది. ఆ పిల్ల గొంతులో కోపం లేదు. అదే ఆయన్ను కోసేసింది. చెబుదామని నోరు తెరిచాడు. ఆ నోట్లో పళ్ళన్నీ అలాగే ఉండటం శాంతి కనిపెట్టే లోపల మూసుకున్నాడు.

అప్పుడు ఎన్నడూ లేని వింత ఒకటి జరిగింది. ముబీనా తనంతట తానే ఫోన్ చేసింది. మీ లైను ఎర్రగా అయిపోయిందండీ, మోపిదేవికీ పులిగడ్డకూ మధ్య తెగింది, రేపు పొద్దున్నే మనిషి వస్తాడండీ, అంది. ఆ తర్వాత ఆమె పై అధికారి చేశాడు. ఆ తర్వాత అతని పై అధికారి.

డేవిడ్ రాజు ముఖం వెలిగింది. ఇదీ ఆయనకు తెలిసిన లోకమే. కాలువలో నీరు తగ్గిందని శివారువాళ్ళు ఏడాదంతా మొత్తుకున్నా ఎవరూ రారు. గండి పడితే ఇంజనీరు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొస్తాడు.

గురువారం పొద్దున ఆయన అందరికన్నా ముందు కల్వర్టు దగ్గరికి చేరి, ఏమీ ఎరగనివాడిలా గొడుగు కింద కూర్చున్నాడు. బందరు నుంచి తాహిర్ అనే కుర్రవాడు మోటారుసైకిలు మీద వచ్చాడు. గాజుతీగలు అతకడం అతని పని. మూత తీసి, డబ్బా చూసి, ఇది తెగినట్టు లేదే, ఎవరో లాగినట్టుందే అన్నాడు. డేవిడ్ రాజు ఆకాశం చూసి ఈసారి వానలు ఆలస్యమన్నాడు. తాహిర్ చుట్టలన్నీ బయటికి తీశాడు. అడుగున ఉన్న చుట్ట డబ్బాకూ గోడకూ మధ్య నలిగి, కాగితం మడతపడ్డట్టు మడతపడి ఉంది. దాన్ని చూసి అతను పని ఆపేశాడు.

వెలుతురు వంపు తిరుగుతుంది గానీ మడతలో కారిపోతుందని, బొమ్మ బిగుసుకుపోయింది ఇందువల్లేనని తాహిర్ చెప్పాడు. లైను పూర్తిగా పోలేదు కాబట్టి విజయవాడ స్క్రీన్ మీద పచ్చగానే కనబడిందట. అయితే ఈ తెలివితక్కువ వెధవ పని చేసినవాడెవడని డేవిడ్ రాజు హుషారుగా అడిగాడు. తాహిర్ ఆ మడతను ఇటు తిప్పి అటు తిప్పి చూసి, తల గోక్కున్నాడు.

"నేనే తాతగారూ. మొన్న రంజాన్ నెలలో ఈ మూత ఎవరో ఎత్తి తుక్కు పోశారని నన్నే పంపారు. తుక్కు తీసి చుట్టలు సర్దేసరికి పొద్దు వాలిపోతోంది. ఉపవాసం. ఇఫ్తారుకు బందరు చేరాలి, అమ్మ హలీం చేసింది. కాలితో లోపలికి కుక్కేసి వెళ్ళిపోయాను."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దొంగకు దొంగ ఎదురైతే వచ్చే మనశ్శాంతి ఇంకెక్కడా రాదు.

"లాగింది నేనేలే అబ్బాయ్," అన్నాడు డేవిడ్ రాజు.

"ఆ సంగతి వచ్చినప్పుడే తెలిసింది తాతగారూ. మీ తువ్వాలు లోపలే ఉంది," అన్నాడు తాహిర్, తీసి ఇస్తూ.

ఒకరి సంగతి ఒకరు బయటపెట్టకూడదని ఒప్పందం కుదిరింది. తాహిర్ మడతపడ్డ ముక్క కోసేసి, మిగులు చుట్టలోంచి కొత్త తీగ లాగి, వెంట్రుక కన్నా సన్నటి గాజుపోగుల్ని చిన్న పెట్టెలాంటి మిషన్లో పెట్టి ఒక్కొక్కటే అతికాడు. చుట్టల్ని ఈసారి పూలదండలు పెట్టినట్టు వదులుగా పెట్టాడు. డేవిడ్ రాజు గొడుగు పట్టాడు. పని అయ్యాక తాహిర్ ముబీనాకు ఫోన్ చేసి, గేదె తొక్కిందండీ, సరిచేశాం, అన్నాడు.

మూత మీద నుంచి తొక్కితే లోపల ఎలా తెగిందని ముబీనా అడిగింది. డేవిడ్ రాజు ఫోన్ అందుకుని, దివిసీమ గేదెలు మూత ఎత్తి తొక్కుతాయమ్మా, తొక్కాక మళ్ళీ పెట్టేస్తాయి, శుభ్రత గలవి, అని చెప్పాడు.

శుక్రవారం వచ్చింది. షెడ్డు గోడ మీద తెర సగంలో బందరు, సగంలో గుడివాడ. బందరు సగంలో సీతారామయ్యగారూ కమిటీ. గుడివాడ సగంలో ఝాన్సీలక్ష్మిగారూ, ఈసారి భోజనానికి వెళ్ళని పిల్లలూ. జ్ఞానమ్మ గుమ్మం దగ్గర ప్రార్థన చేసుకుంటోంది. డేవిడ్ రాజును నోరెత్తవద్దన్న షరతు మీద వెనక నిలబడనిచ్చారు.

శాంతి కెమెరాను తొట్టిలోకి తిప్పి పాఠం మొదలుపెట్టింది. అప్పుడు చూడాలి. పెద్ద మండపీత ఒకటి రాజావారిలా నడిచొచ్చి తెర నడుమ నిలబడింది. వెనక వీపు పగిలింది. పాత గుల్లలోంచి కొత్త పీత, మెత్తగా, మెరుస్తూ, చొక్కా విప్పుకున్నట్టు వెనక్కి వెనక్కి జారి బయటికి వచ్చింది. పక్కనున్న పీతలు దాన్ని చూసి కూడా తినకుండా తప్పుకున్నాయి. బొమ్మ ఒక్క రెప్పపాటు కూడా ఆగలేదు. గుడివాడ పిల్లలు చప్పట్లు కొట్టారు, ఆ చప్పట్లు చినమడలంకలో టపటపా వినబడ్డాయి.

ఝాన్సీలక్ష్మిగారు వెనక నిలబడ్డ ఖాకీ చొక్కాను గుర్తుపట్టి, శివారు పెద్దాయన బాగున్నారా అని పలకరించింది. ఇక షరతు ఎవరికి గుర్తుంటుంది? డేవిడ్ రాజు ముందుకొచ్చి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ తను అడగనిదీ, ఎప్పుడూ పై వాళ్ళే తనను అడిగిందీ అడిగాడు.

"మీకు అందుతోందా అండీ?"

"నిండుగా అందుతోందండీ," అంది ఆవిడ.

"చాలకపోతే మొహమాటపడకండి. ఇక్కడ ఇంకా ఉంది."

ఆయన శాంతి వైపు తిరిగి, అంటే ఇవాళ తలకాడ ఉన్నది మనమా అని గుసగుసగా అడిగాడు. ఇందులో తలా తోకా ఉండవు మావయ్యా, ఎటు నుంచి ఎటైనా వెళ్తుందని శాంతి అంది.

"అలా అనకే. ఇన్నాళ్ళకు తల దొరికింది, కాసేపు ఉండనీ."

కమిటీ వాళ్ళు కాసేపు గుసగుసలాడుకున్నారు. చివరికి సీతారామయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని, కేంద్రం ఎక్కడికీ మారదు, ఉన్నచోటే ఉంటుందని చెప్పారు. శాంతి తొట్టి అంచు పట్టుకుని నిలబడిపోయింది. ఆ మధ్యాహ్నం శాంతి తిన్న తిండికి జ్ఞానమ్మ కూర మళ్ళీ వండాల్సి వచ్చింది.

ఇందులో నేను కల్పించింది ఒకటుంది, చెప్పేస్తాను. పీత గుల్ల విడిచింది మాత్రం అబద్ధం. అది పొద్దుట్నుంచి తొట్టిలోని కుండపెంకు కింద దూరి, కర్ర పెట్టి పొడిచినా బయటికి రాలేదు. కమిటీ వాళ్ళు పాఠం పొడుగునా చూసింది తొట్టి అడుగున ఉన్న బురద. పిల్లలు చప్పట్లు కొట్టింది అందులోంచి ఒక బుడగ లేచినందుకు. కాకపోతే అంత స్పష్టమైన బురదను బందరులో అంతకుముందు ఎవరూ చూసి ఉండరు.